నాటిన వెంట్రుకలు మూన తిరుగు కాలము

వరినాట్లు ముగిసిన మూడవనాడో నాలవనాడో పొలముగట్టున నిలిచి చూచినవాడు, సేద్య మెఱుగనివాడైనచో, పైరు చచ్చినదనియే నిశ్చయించుకొనును. నారుమడిలో ఒత్తుగా, పచ్చగా, గాలికి తలలూచుచుండిన నారు, పెఱికి తెచ్చి దమ్ముచేసిన మడిలో నాటినంతనే పసుపువన్నెకు తిరుగును. ఆకుల కొనలు వాడి నీటిపై వ్రాలును. మొన్నటి నారుమడి యందము కన్నులలో నున్నవానికి ఈ మడి పలుచనై, బీదయై కానవచ్చును. రైతు దానిని చూచి గుండె బాదుకొనడు. “ఇంకను మూన తిరుగలేదు” అని యొక్క మాట యని, మడవ సరిచూచుకొని యింటికి పోవును. పెఱుకునప్పుడు వేళ్లు తెగినవనియు, క్రొత్తవేళ్లు పట్టువఱకు పై యాకునకు బలము చాలదనియు, పైనున్నది వాడినను మొదలు బ్రతికియే యున్నదనియు వానికి తాతముత్తాతల నాటినుండి తెలిసినమాట.

మనుష్యుని తలయు నిట్టి మడియే. తల వెనుకభాగమునుండి వెంట్రుకల కుదుళ్లు తీసి ముందుభాగమున నాటు శస్త్రచికిత్స నేడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలో గోడగోడను ప్రకటింపబడుచున్నది. నాటిన తరువాతి మూడు నాలుగు నెలలలో నాటించుకొన్నవాని మనస్సు పడు క్షోభను గూర్చి మాత్రము ఆ ప్రకటనలలో నొక్క పంక్తియు కానరాదు. నాటిన వెంట్రుకలు రాలిపోవును; తల మునుపటికంటె పలుచనగా కనబడును; అద్దము పగవాడగును. ఇది మూన తిరుగు కాలమే గాని పైరు చచ్చిన కాలము కాదని కారణపూర్వకముగా చెప్పుటకు శాస్త్రజ్ఞులకు నూఱేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రను చదువరుల ముందుంచుట మా యుద్దేశము.

ఈ విషయము మా దృష్టికి వచ్చిన విధము ముందు చెప్పవలెను. మా మేనల్లుడొకడు, ఇరువది తొమ్మిదేండ్లవాడు, హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నాడు. రెండు పెండ్లిచూపులలో పిల్లవారు మఱేమియు ననక, వీని నొసటివంక చూచి లేచిపోయిరని మా చెల్లెలి యనుమానము. ఆ యనుమానమే క్రమముగా ఇంటిలో నందఱి నిశ్చయమైనది. మూడేండ్లు కూడబెట్టిన సొమ్ము వెచ్చించి వాడు ముందుభాగమున రెండువేల యైదువందల కుదుళ్లు నాటించుకొనెను. పదునైదు దినములు ఇంటిల్లిపాదియు సంతోషించిరి. డెబ్బదవనాటి రాత్రి వాడు మా యింటికి వచ్చి, టోపి తీసి దీపము క్రింద కూర్చుండి, “మామయ్యా, పెట్టినవీ పోయాయి, ఉన్నవీ పోతున్నాయి” అనెను. వాని సెల్‌ఫోనులో నా డెబ్బది దినములకు నాలుగువందల ఛాయాపటములు గలవు. అంతకంటె మమ్ము కలవరపఱచినది మఱియొకటి. చికిత్స జరిగిన చోటి గుమాస్తా యొకడు, వారములోపల సొమ్ము కట్టినచో తగ్గింపు ధరకు ఇంకొక వేయి కుదుళ్లు ‘ఒత్తు కొఱకు’ నాటెదమని వానికి వర్తమాన మంపియుండెను. వాడు అప్పుచేయుటకు సిద్ధమై, జామీను సంతకము కొఱకు మా కడకు వచ్చియుండెను. ఆ రాత్రి మేము సంతకము చేయలేదు; చదువుట మొదలిడితిమి.

బట్టతలకు సిగ్గుపడుట నేటిది కాదు. క్రీస్తునకు పూర్వము సుమారు 1550 నాటిదని చెప్పబడు ఐగుప్తదేశపు ఏబర్స్ వైద్యపత్రములో సింహము, నీటిగుఱ్ఱము, మొసలి మొదలగు జంతువుల క్రొవ్వు తలకు రాయుమని మందు వ్రాయబడియున్నది. రోమక సేనాని జూలియస్ సీజరు వెనుకజుట్టును ముందునకు దువ్వుకొనెడివాడనియు, సభవారు తనకొసగిన గౌరవములలో ఆకులదండ నెల్లప్పుడు తలపై ధరించు హక్కును మిక్కిలి మక్కువతో వాడుకొనెననియు చరిత్రకారుడు సూటోనియస్ వ్రాసెను. మన సుశ్రుతసంహిత ఇంద్రలుప్తము, ఖాలిత్యము అని పేర్లుపెట్టి దీనిని క్షుద్రరోగములలో చేర్చినది. క్షుద్రమనగా నిచట చిన్నదని యర్థము. పొందినవాని కది చిన్నదిగా తోచదు. భర్తృహరి యొక బట్టతలవానిని ఎండకు తాళలేక చెట్టునీడకు పరుగెత్తించి, ఆ చెట్టు పండునే వాని తలపై పడవేసి, దైవము చాలనివాని కష్టమునకు దృష్టాంతముగా చూపెను. ఏనుగు లక్ష్మణకవి దానిని తెనిగించిన నాటినుండి మన బడిపిల్లలు తరతరములుగా నా పద్యము వల్లించి నవ్విరి. నవ్వినవారిలో ననేకులకు తరువాత బట్టతల వచ్చియే యుండును.

పూతలతోడి చరిత్ర వేలయేండ్లు ఇట్లే నడచినది. చర్మమును, వెంట్రుకను ఒకచోటినుండి తీసి మఱియొకచోట బ్రతికింపవచ్చునను ఆలోచన బలపడినప్పుడు కథ మారినది. ఇందు మన దేశమునకు నొక భాగము గలదు. 1792లో టిప్పుసుల్తానుతో జరిగిన యుద్ధమున ఆంగ్లేయసైన్యపు బండి తోలెడి కవాస్జీ యనువాని ముక్కు కోయబడెను. పూనాలో నొక వైద్యుడు వాని నొసటి చర్మముతో క్రొత్త ముక్కు తీర్చెను. ఆ వృత్తాంతము 1794లో లండనునందలి ‘జెంటిల్‌మన్స్ మాగజైన్’లో బొమ్మతో ప్రకటింపబడగా, ఐరోపా వైద్యులు ఆశ్చర్యపడిరి, 1814లో కార్ప్యూ యను వైద్యుడు లండనున అట్టి శస్త్రచికిత్స చేసి సఫలుడయ్యెను. తరువాత ముక్కులు తీర్చు విద్యలో జర్మనుదేశమున మిక్కిలి ప్రసిద్ధికెక్కిన యోహాన్ ఫ్రీడ్రిఖ్ డీఫెన్‌బాఖ్ యనువాడే వెంట్రుకలు నాటుటకును ఆదిపురుషుడు. 1822లో వుర్ట్స్‌బుర్గు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన లాటిను వ్యాసములో అతడు పక్షుల యీకలను, జంతువుల రోమములను పెఱికి మఱియొకచోట నాటి చూచిన ప్రయోగములను వివరించెను. అంతటితో తృప్తిపడక తన తలవెంట్రుకలు ఆరు తీసి, తన చేతిపై సూదితో రంధ్రములు పొడిచి, అందు నాటుకొనెను. కొన్ని యెండిపోయినవి, కొన్ని వాచి వెలికి వచ్చినవి, రెండు పట్టినవి.

ఆరింట రెండు! నేటి నాటుశాల యేదైనను ఈ లెక్క చెప్పినచో నొక్కడును దాని గడప త్రొక్కడు. కాని డీఫెన్‌బాఖ్ ఆ రెండింటిని చూచి పొంగిపోయియుండును. ఒక్క వెంట్రుకయైన బ్రతుకునా యనునదే యతని ప్రశ్న. ఒత్తు, పలుచన యనుమాటలు అతని మనస్సునందు లేవు. ఈ విద్య చరిత్రలో నిశ్చింతగా నుండిన రోగి యతడొక్కడే యని మాకు తోచును.

పిదప నూఱేండ్లకు పైబడి యీ విషయమున చెప్పదగినదేమియు అంతగా లేదు. 1939లో జపానుదేశపు చర్మవైద్యుడు షోజీ ఒకుడా తాను రెండువందలమంది రోగులకు చేసిన చికిత్సను ప్రకటించెను. వారిలో ననేకులు కాలినగాయముల వలనను మచ్చల వలనను జుట్టో కనుబొమలో పోగొట్టుకొన్నవారు. అతడు రెండు మొదలు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పుగల గుండ్రని గొట్టపుకత్తితో చర్మముతో కూడ వెంట్రుకలను కోసి తీసి, అంతకంటె కొంచెము చిన్నవిగా చేసిన గుంటలలో నాటెను. 1943లో హజిమె తమూరా యను మఱియొక జపాను వైద్యుడు ఇంకను ముందునకు పోయి, వెంట్రుకలను ఒక్కొక్కటిగా విడదీసి నాటెను. నాటు ఎంత చిన్నదైన నంత సహజముగా కనబడునని యతడు చూపెను. 1953లో కీయిచి ఫుజిత కుష్ఠరోగమున కనుబొమలు పోయినవారికి వెంట్రుకలు నాటి కనుబొమలు తీర్చెను. కనుబొమలు రాలినవానిని దూరముననే గుర్తించి వీథినుండి వెడలగొట్టిన దేశము మనది. ఆ రెండు నల్లని గీతలు ఒక మనుష్యుని మఱల మనుష్యులలో కలిపియుండునని మన మూహింపగలము. తలనుండి తెచ్చిన వెంట్రుక కనుబొమపై నాటినను తలవెంట్రుకవలెనే పెరుగును. దానిని అప్పుడప్పుడు కత్తిరించుకొనవలెను. వెంట్రుక తన పుట్టినింటి గుణమును విడువదు. ఈ సంగతి ముందు మనకు పనికివచ్చును.

ఒకుడా, తమూరాల వ్యాసములు జపాను భాషలో నున్నవి, అది యుద్ధకాలము. పశ్చిమదేశములవా రెవ్వరును వానిని చదువలేదు. చదివియుండినచో లోకమున ముప్పదేండ్లపాటు వేలకొలది తలలు చెడకుండెడివి.

అమెరికాలో ఈ విద్య వేఱొక త్రోవను వచ్చినది. 1942లో జేమ్స్ హామిల్టన్ అను శాస్త్రజ్ఞుడు, యౌవనమునకు పూర్వమే వృషణములు కోల్పోయినవారికి బట్టతల రాదనియు, వారికి పురుషరసము మందుగా నిచ్చినచో, వంశమున బట్టతల గలవారికి అది వచ్చుననియు చూపెను. నపుంసకులకు బట్టతల రాదని అరిస్టాటిలు కాలమునుండి తెలిసినదే. కారణము మాత్రము అప్పటికి దొరకినది. ఈ రసమునకు తలముందటి కుదుళ్లు లొంగి సన్నగిల్లును. వెనుకను చెవులపైనను గుఱ్ఱపునాడా ఆకారమున నున్న కుదుళ్లు లొంగవు. ఈ భేదము స్థలమునందున్నదా, కుదురునందున్నదా? ముందటి మడి చవిటినేలయైనచో, వెనుకటి నారు తెచ్చి నాటినను చచ్చును. దోషము నేలది కాక విత్తనముది యైనచో బ్రతుకును. న్యూయార్కు నగరపు చర్మవైద్యుడు నార్మన్ ఓరెంట్రైఖ్ 1952లో బట్టతలపై వెనుకటి వెంట్రుకలు నాటి, పట్టునని చూచెను. వెంట్రుకలున్న చర్మమును బట్టతలకు, బట్టతల చర్మమును వెంట్రుకలున్నచోటికి మార్చి పరీక్షించెను. ఏ చర్మము ఎచటికి పోయినను తన గుణమునే నిలుపుకొనెను. 1959లో అతడు దీనిని ప్రకటించెను. నేటి కేశారోపణ విద్యయంతయు ఆ యొక్క నియమముపై నిలిచియున్నది.

ఒత్తును గూర్చిన యాతన యిచటనే మొదలైనది. కాలి మచ్చపడిన చోట నాలుగు వెంట్రుకలు మొలచిన చాలునని ఒకుడా రోగి తలచెను. బట్టతలవాడు అట్లు తలచడు. వానికి ఇరువదేండ్లనాటి జుట్టు కావలెను, వెంటనే కావలెను. ఆ కాలపు వైద్యులు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పుగల బిళ్లలుగా చర్మము కోసి నాటెడివారు. ఒక్కొక్క బిళ్లలో వెంట్రుకల గుంపు. దాని చుట్టును బోడినేల. దూరమునుండి చూచిన బొమ్మలకు కుచ్చులు కుట్టినట్లుండెడిది. ‘బొమ్మజుట్టు’ అను పరిహాసనామమే దానికి స్థిరపడినది. బిళ్ల పెద్దదైనకొలది ఒత్తు పెరుగునని యాశించిరి. కాని పెద్దబిళ్ల నడుమకు నెత్తురు చేరుట యాలస్యమై, అంచున నున్న వెంట్రుకలు బ్రతికి నడిమివి చచ్చెడివి. గారెకు చిల్లి పడినట్లు నడుమ బోడియై చుట్టును వెంట్రుకలు మొలచెడివి. బిళ్లలను దగ్గఱదగ్గఱగా నాటినను ఇదియే గతి. వరిని అడుసులో క్రిక్కిఱియ నాటినచో ఏమగునో మన కాపులకు చెప్పనక్కఱలేదు. పైగా నాలుగైదు విడతలలో గాని ఖాళీలు పూడవు. నడుమ సొమ్ము చాలక నిలిచిపోయినవాడు జీవితమంతయు తలపై కుచ్చులతో తిరుగవలసినదే. 1960 మొదలు 1980 దాటువఱకు ఇట్టివారు వేలకొలది యుండిరి.

1984లో హెడింగ్టన్ అను రోగనిదాన శాస్త్రజ్ఞుడు తలచర్మమును అడ్డముగా పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూచి, వెంట్రుకలు ఒంటరిగా గాక ఒకటి మొదలు నాలుగువఱకు చిన్నచిన్న కుదుళ్లుగా పెరుగుచున్నవని వర్ణించెను. 1988 ప్రాంతమున టెక్సాసునందలి లిమ్మర్ అను వైద్యుడు ఆ కుదుళ్లను సూక్ష్మదర్శిని క్రింద విడదీసి నాటుట మొదలిడెను. 1995లో బెర్న్‌స్టైన్, రాస్‌మన్ అను వైద్యులు ఇట్లు కుదురు కుదురుగా నాటుటయే పద్ధతి కావలెనని వాదించి వ్రాసిరి. బొమ్మజుట్టు అంతరించినది. అనగా తమూరా 1943లో వ్రాసినదానికి దగ్గఱగా అర్ధశతాబ్దము పిమ్మట చేరుకొనిరన్నమాట.

ఇక రాలుటను గూర్చి. దీనిని విప్పి చెప్పినవాడు నాటుడు వైద్యుడు కాడు. 1961లో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అను అమెరికా చర్మవైద్యుడు, జ్వరము, ప్రసవము, శస్త్రచికిత్స మొదలగు తాకిడుల తరువాత జుట్టు గుత్తులుగా నేల రాలునని పరిశీలించి, దానికొక పేరును కారణమును ఏర్పఱచెను. వెంట్రుక యెడతెగక పెరుగునది కాదు. రెండేండ్లు మొదలు ఆరేండ్లవఱకు పెరుగును. రెండు మూడు వారములు ముడుచుకొనును. సుమారు మూడు నెలలు విశ్రమించును. పిదప క్రిందనుండి క్రొత్తది పుట్టి పాతదానిని త్రోసివేయును. ఆరోగ్యవంతుని తలపై నున్న సుమారు లక్ష వెంట్రుకలలో పదవవంతు ఎప్పుడును విశ్రాంతియందే యుండును. దినమున కేబది మొదలు నూఱువఱకు రాలుచునే యుండును. ఒక్కొక్క కుదురు తన పంచాంగము ప్రకారము నడచుటచేత ఈ రాలుడు మనకు తెలియదు. దేహమునకు గట్టి దెబ్బ తగిలినప్పుడు అనేక కుదుళ్లు ఒక్కమాఱుగా పని మాని విశ్రాంతికి పోవును. రెండు మూడు నెలల పిమ్మట వాని వెంట్రుకలన్నియు ఒక్క కాలమున రాలును. తాకిడి నాడు తెలియదు. రాలునాటికి తాకిడి మఱపునకు వచ్చును. బాలింతలకు బిడ్డ మూడవ నాలవ నెలలో జుట్టు దోసిళ్లకు వచ్చుననియు, విషజ్వరము తగ్గినవాని జుట్టు తరువాత పోయి మఱల వచ్చుననియు మన యిండ్లలోని పెద్దవాండ్రకు క్లిగ్‌మన్ చెప్పకమునుపే తెలియును. 2020, 2021 సంవత్సరముల కోవిడు జ్వరముల పిమ్మట లక్షలమంది దీనిని మఱల కన్నులార చూచిరి.

వెంట్రుకలు నాటుటయు నట్టి తాకిడియే, మఱింత తీవ్రమైనది. కుదురును నెత్తురునుండి తెంచి, కొన్ని గంటలు చల్లని నీటిలో నుంచి, పరాయిచోట గ్రుచ్చుదురు. మొదటి వారమున అది చుట్టుప్రక్కలనుండి ఊరిన రసముతో బ్రతుకును. పిదప సన్నని నెత్తురునాళములు వచ్చి దానిని కలసికొనును. ఏడు పది దినములలో పక్కులు రాలును. అప్పుడు తల చూచుటకు ముచ్చటగా నుండును: పొట్టిగా కత్తిరించిన వెంట్రుకలన్నియు వరుసలు తీర్చి నిలువబడియుండును. ఇంటివారు సంతోషించునది ఈ పక్షము దినములే. కాని యా వెంట్రుక పాత వెంట్రుక. దానిని పెంచిన కుదురు అప్పటికే పని మానినది. రెండవ వారము మొదలు ఆరవ వారము లోపల అది రాలిపోవును. దానితో నాగదు. నాటునప్పుడు చుట్టునున్న సొంత వెంట్రుకల కుదుళ్లు సైతము బెదరి విశ్రాంతికి పోవుటచే రెండవ మూడవ నెలలలో అవియు కొన్ని రాలును. కావున డెబ్బదవనాటి తల చికిత్సకు పూర్వపు తలకంటె పలుచనగా నుండుట వింత కాదు. మా మేనల్లుడు చూచినది నిజమే. వాడు చేసిన యర్థము తప్పు.

మూడవ నెల దాటి నాలవ నెలలో క్రొత్త మొలక పైకి వచ్చును. అదియు ఒక్కమాఱు రాదు. ఒక మూల ముందుగా, ఒక మూల వెనుకగా, అక్కడక్కడ మొటిమవలె లేచి వచ్చును. వచ్చినది సన్నగా, ఒక్కొక్కప్పుడు వంకరగా నుండును, పసిబిడ్డ జుట్టువంటిది. వెంట్రుక నెలకు సుమారొక్క సెంటీమీటరు మాత్రమే పెరుగునని యెఱిగినవాడు ఐదవ నెలలో దువ్వెనకు పని దొరకదని తానే లెక్కకట్టుకొనగలడు. ఆరవ నెలకు సగము ఫలము, ఏడాదికి ఇంచుమించు పూర్ణఫలము, నడినెత్తిన నాటినచో ఇంకను ఆఱునెలలు. ఇందు త్వరపెట్టుట కెవరివలనను కాదు.

ఇచట మా కొక చిత్రము తోచినది. మన తెలుగువారికి జుట్టు పోయి వచ్చువఱకు ఓపికపట్టుట తెలియనిది కాదు. తిరుమలలో దినమున కెన్నివేల తలలు బోడులగుచున్నవి! నడుముదాటిన జడను కల్యాణకట్టలో క్షణములో నర్పించి వచ్చిన స్త్రీ, ఇంటికి వచ్చి పసుపుపూసిన నెత్తితో బజారునకు పోవును. మూడవ నెలలో అద్దము ముందు నిలిచి యేడ్వదు. ఆ జుట్టు వేలములో అమ్ముడుపోయి సముద్రములు దాటి పరాయి తలలపై కృత్రిమకేశములుగా వెలయుచుండును. ఆమె దానిని తలపనైన తలపదు. ఇచ్చినది లెక్కింపబడదు. కొన్నది దినదినము లెక్కింపబడును. మా మేనల్లుడే నాలుగేండ్ల క్రిందట మ్రొక్కు తీర్చుకొని వచ్చినప్పుడు ఒక్క ఛాయాపటమును తీసికొనలేదు.

తల గొఱిగినచో జుట్టు మఱింత ఒత్తుగా వచ్చునను నమ్మిక కూడ మనలో బలముగా నున్నది. పుట్టువెంట్రుకలు తీసిన పిల్లలకు ఒత్తైన జుట్టు వచ్చుట గొఱుగుటచే కాదు, పెరుగు వయస్సుచే. 1928లోనే మిల్‌డ్రెడ్ ట్రాటర్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు గొఱిగిన వెంట్రుక దళసరిగా గాని వేగముగా గాని పెరుగదని కొలిచి చూపెను. మొండిగా తెగిన కొన చేతికి గరుకుగా తగులును, అంతియే. నాటించుకొన్నవారు ఒత్తు కొఱకని మూడవ నెలలో మఱల మఱల గుండు గీయించుకొనుట మేము వింటిమి. దానివలన కీడు లేదు, మేలును లేదు.

ఒత్తును గూర్చి ఇంకొక కఠినమైన లెక్క గలదు. దీనిని ప్రకటనలు బొత్తిగా చెప్పవు. చదరపు సెంటీమీటరునకు సహజముగా డెబ్బది, ఎనుబది కుదుళ్లుండును. నాటునది ముప్పది, నలువది. అంతకు మించి క్రిక్కిఱియ నాటినచో నెత్తురు చాలదను భయము. అనగా అంతయు సవ్యముగా జరిగినను కలుగు ఒత్తు పుట్టుకతో వచ్చినదానిలో సగము. సగము పోయినదాక పలుచనను గుర్తింపలేని మన కంటి మందకొడితనమే యీ విద్యకు పెట్టుబడి. నూఱు చదరపు సెంటీమీటర్ల బోడినేలను నలువది చొప్పున నింపవలెనన్న నాలుగువేల కుదుళ్లు కావలెను. వెనుకతల జన్మమంతటికి ఈయగలిగినది సామాన్యముగా ఆరేడు వేలకు మించదు. అచట తీసినచోట మఱల మొలవదు. నారుమడి యొక్కటే, నారు కొలతకు మాత్రమే యున్నది. ఇరువది తొమ్మిదేండ్లవానికి బట్టతల యింకను వెనుకకు జరుగును. నలువదవయేట కావలసిన నారును డెబ్బదవనాటి దిగులుతో ఖర్చుపెట్టించుట ఎట్టి పనియో చదువరులే నిర్ణయింపవచ్చును. పైగా ఆ నాటికి ఏ గుంటలో కుదురు నిద్రించుచున్నదో, ఏ గుంట నిజముగా ఖాళీయో ఎవరికిని తెలియదు. పొడిచిన సూది నిద్రించుచున్నదానినే పొడువవచ్చును.

అట్లని ‘ఓపికపట్టుడు’ అను మాటను చెప్పినవారందఱిని నమ్ముమని మేము చెప్పుట లేదు. చేతకానివాడును ఆ మాటనే చెప్పును. మొదటి దినములలో నొప్పి హెచ్చుచున్నను, చీము పట్టినను, చర్మము నల్లబడినను, జ్వరము వచ్చినను అది మూన తిరుగుట కాదు. ఆనాడే వైద్యుని చూడవలెను. ఏడాది దాటినను మొలక రానిచో నాటు చెడినదనియే యర్థము. దానికి చేసినవాడు సమాధానము చెప్పవలెను. నాటిన కుదుళ్ల సంఖ్య కాగితముపై వ్రాయించుకొని, ఒకే చోట, ఒకే వెలుతురున నెల కొక్క ఛాయాపటము తీసికొన్నవాడు ఆనాడు మాటాడగలడు. దినమున కాఱు తీసినవాడు తన కండ్లనే నమ్మలేని స్థితికి వచ్చును.

ఈ వ్యాపారమున ప్రాణములు సైతము పోయినవి. 2016లో చెన్నైలో ఒక కేశాలంకరణశాలలో వెంట్రుకలు నాటించుకొన్న వైద్యవిద్యార్థి యొకడు ఆ వెంటనే రోగగ్రస్తుడై మరణించెను. వైద్యము చదువుచున్నవాడే! 2022లో జాతీయ వైద్య కమిషన్ ఈ శస్త్రచికిత్సను శిక్షణపొందిన వైద్యులే చేయవలెననియు, దృశ్యపటములు చూచియో, రెండుదినముల పాఠములు వినియో నేర్చుకొనరాదనియు నిబంధనలు ప్రకటించెను. నిబంధన కాగితముపై నున్నది. గుమాస్తాల వర్తమానములు సెల్‌ఫోనులలో నున్నవి.

ఒకనాడు మన దేశమున భర్త చనిపోయిన పడుచు తల నామె యిష్టములేకయే గొఱిగి, ఆ బోడితలను అశుభమనిరి. దానిని మాన్పించుటకు పెద్దలు తమ జీవితములను ధారపోసిరి. నేడు పెండ్లికొడుకు నొసలు రెండంగుళములు వెనుకకు జరిగినదని సంబంధము తిప్పి పంపుచున్నారు. తలను చూచి మనుష్యుని వెలకట్టు అలవాటు మనలను విడువలేదు. తల మాత్రము మారినది. మా చెల్లెలి కీమాట చెప్పగా, “అన్నయ్యా, నీ కేం, నీకు జుట్టుంది” అని లోనికి పోయెను. మేమేమియు పలుకజాలకపోతిమి.

ఆ రాత్రి మేము మేనల్లునికి క్లిగ్‌మన్ కథయు, ఒకుడా కథయు చెప్పితిమి. వాడు సగము వినెను. సగము అద్దమువంక చూచెను. గుమాస్తాకు మాత్రము ‘ఏడాది పిమ్మట’ అని ప్రత్యుత్తర మంపెను. నాలవ నెలలో రెండు వారములు మాకు ఛాయాపటములు పంపి ప్రతిదానికిని జవాబు కోరెను. ఆఱవ నెలలో పంపుట తగ్గినది. తొమ్మిదవ నెలలో సంక్రాంతికి వచ్చినప్పుడు టోపి లేదు. దాని సంగతి వాడును ఎత్తలేదు, మేమును ఎత్తలేదు. జుట్టు ఇరువదేండ్లనాటిది కాదు. నొసటి మూలలు ఇంకను పలుచనగానే యున్నవి. మూడవనాటి యుదయము ప్రయాణమగుచు, “మామయ్యా, దువ్వెన ఎక్కడుంది?” అని అడిగెను.